రాసి అడిగితే నిలదీసినట్టా?

సందేహం: మా వైపు లోక్‌సభ సభ్యుడొకరు ములుగు గిరిజన విశ్వవిద్యాలయం పనుల గురించి కేంద్రానికి ప్రశ్న రాసి పంపితే, మంత్రి జవాబు రాసిచ్చారు. అదే వార్తను ఒక పత్రిక 'లిఖితపూర్వకంగా ప్రశ్నించారు' అన్నది. ఇంకొకటి 'ప్రశ్న సంధించారు' అన్నది. మూడోది ఏకంగా 'కేంద్రాన్ని నిలదీశారు' అని శీర్షిక పెట్టింది. మూడూ చదివి మా మనుమరాలు, 'తాతా, రాసి అడిగితే అడిగినట్టా, కాదా?' అన్నది. లిఖిత, లిఖితపూర్వక, రాతపూర్వక – వీటిలో ఏది సాధువు? 'నక్షత్ర గుర్తు లేని ప్రశ్న' అంటే ఏమిటి? ప్రశ్న తెలుగు నకలు జతచేశాను.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పరకాల

సమాధానం: మాస్టారూ, అసలు సందేహం మీ మనుమరాలిది. మీవి దాని తోకలు. అందుకే ముందు ఆమెకు చెబుతాను.

అడిగినట్టే తల్లీ. నోటితో అడిగినా, కాగితం మీద అడిగినా, కళ్లతో అడిగినా అడగడమే. దావా వేసినవాడూ అడుగుతాడు, జోలె పట్టినవాడూ అడుగుతాడు, దారి తెలియనివాడూ అడుగుతాడు. ఇన్ని పనులు చేసే మాట ఇంట్లో ఉండగా 'ప్రశ్నించు'ను పట్టుకుని వేలాడుతున్నాం. పైగా ఈ మధ్య అడిగితే బిచ్చం, ప్రశ్నిస్తే పౌరుషం అని ఒక తేడా పుట్టించారు. 'ప్రశ్న' పుట్టిన ప్రచ్ఛ ధాతువుకు ధాతుపాఠం, అంటే సంస్కృత ధాతువుల పట్టిక, ఇచ్చిన అర్థం జ్ఞీప్స, అంటే తెలుసుకోవాలన్న కోరిక. అందులో మీసం మెలేయడం ఎక్కడా లేదు. యజ్ఞం, యత్నం, ప్రశ్న – ఈ మూడింటికీ పాణిని చెప్పిన ప్రత్యయం ఒక్కటే. 'ప్రశ్న'కు ఈపాటి చాలు.

'అడుగు' రుచి తెలియాలంటే మాత్రం బమ్మెరకు పోవాలి. గజేంద్రమోక్షంలో ఏనుగు మొర విన్న విష్ణువు ఉన్నవాడు ఉన్నట్టు లేచిపోతాడు. 'సిరికిం జెప్పఁడు'. చెప్పకపోతే పోయె, ఆమె పైటచెంగు తన చేతిలోనే ఉన్న సంగతీ చూసుకోడు. లక్ష్మికి వెంట నడవక తప్పలేదు. ఎక్కడికో తెలియదు, ఎందుకో తెలియదు. అక్కడ పోతన ఈ కందం రాశాడు:

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడుగఁ డని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడు గిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

అడుగుతానని వడివడిగా సాగుతుంది. అడిగితే తనకు మారు పలకడేమోనని నడక ఆపేస్తుంది. 'తన మగఁడు నుడువఁ డని' అనే పాఠం కూడా జనం నోట ఉంది. అది నాకూ ఇష్టమే, కాకపోతే 'మగుడ', అంటే తిరిగి, అన్న మాటలో జవాబు కోసం చూసే చూపు ఉంది. ఇక చివరి పాదం చూడండి. మొదటి రెండు పాదాల్లో నోటిపని చేసిన 'అడుగు' ఇక్కడికొచ్చేసరికి కాలిపని అందుకుంటుంది. అడుగు వేస్తుంది, వేయదు, వేయబోయి తొట్రుపడుతుంది. రెండో పాదం చివరా నాలుగో పాదం చివరా ఉన్న అక్షరాలు తప్ప పద్యమంతా లఘువులే. అన్నీ పొట్టి అడుగులు. మధ్యలో ఆ డకారాలు కాలికి రాళ్లలా తగులుతుంటాయి. సభలో లేచి అడగబోయే కొత్త సభ్యుడి గుండెచప్పుడు ఇంతకన్న బాగా ఎవరూ రాయలేదు. రాసింది లక్ష్మీదేవి గురించి అనుకోండి.

పాదమనే అడుగుకు తమిళంలో 'అడి' తోబుట్టువు. అడగడాన్ని తమిళులు 'కేళ్' అంటారు, కన్నడిగులు 'కేళు' అంటారు. ఆ మాటకే వినడమనీ అర్థం. వాళ్లకు అడగడమూ వినడమూ ఒక మాటలో ఒదిగితే, మనకు అడగడమూ కాలు కదపడమూ ఒక మాటలో ఒదిగాయి. రెండు అడుగులదీ ఒకటే వేరని నేను ప్రమాణం చేయను. రూపం కలిసింది, పోతన ముడివేశాడు. విప్పడానికి నాకు మనసు రాదు.

మీరు పంపిన నకలులోని ప్రశ్న ఇట్లా ఉంది: '(అ) సొంత భవనముల నిర్మాణము ఆరంభమైన మాట వాస్తవమా? (ఆ) అయినచో, వివరములేవి? (ఇ) కానిచో, కారణములేవి? మంత్రివర్యులు తెలుపుటకు దయచేయుదురా?' అయినచో ఒక అడుగు, కానిచో ఒక అడుగు. 'అయితే', 'కాకుంటే' అని రాస్తే సభ మర్యాద తగ్గిపోతుందా? 'దయచేయుదురా' మరీ ప్రమాదం. తెలుగులో దయచేయమంటే రమ్మనీ అర్థమే, గొంతు మారిస్తే పొమ్మనీ అర్థమే.

ఇక 'సంధించారు'. ఇదీ ఆ ఘట్టంలోదే. 'శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁడు' అంటాడు పోతన. సంధించడమంటే చేర్చడం, కూర్చడం. బాణాన్ని అల్లెతాటికి చేర్చడం నుంచి పత్రికలవాళ్లు దీన్ని ఎత్తుకొచ్చారు. లోక్‌సభలో ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పక్షం రోజుల ముందు కబురుపెట్టి వేసే బాణాన్ని బాణమనడం ఆ బాణానికే నామర్దా.

'నిలదీశారు' అన్నది వీటన్నిటికన్న అన్యాయం. నిలదీయడమంటే మనిషిని నిలువున ఆపి, కదలనీయక జవాబు రాబట్టడం. మా చిన్నప్పుడు బాకీ ఎగ్గొట్టినవాణ్ని కచ్చీరుకాడ నిలదీసేవాళ్లు. వాడు నిజంగానే నిలబడి ఉండేవాడు, మెడ వంచుకుని, కాలి బొటనవేలితో మన్ను గీకుతూ. రాసిచ్చే జవాబుకు మంత్రి కుర్చీలోంచి లేవక్కర్లేదు. కాగితం సభ ముందు ఉంచితే పని అయిపోతుంది. అడిగినవారూ నిలబడలేదు, చెప్పినవారూ నిలబడలేదు. మరి నిలదీసిందెవరు, ఎవరిని?

నక్షత్ర గుర్తు సంగతి. ప్రశ్న పక్కన చుక్క, అంటే ఆ నక్షత్ర గుర్తు (*), ఉంటే ఆ రోజు ప్రశ్నోత్తరాల సమయంలో మంత్రి లేచి జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. లోక్‌సభలో అట్లాంటివి రోజుకు 20. చుక్క లేనివి 230 దాకా ఉంటాయి. వాటికి రాసిన జవాబే, అనుబంధ ప్రశ్నలుండవు. 2020 సెప్టెంబరులో కరోనా పేరు చెప్పి ప్రశ్నోత్తరాల గంటను ఎత్తేసినప్పుడు సభ్యుల చేతిలో మిగిలినవి ఈ చుక్కలేని ప్రశ్నలే. కాబట్టి వాటిని చిన్నచూపు చూడకండి. నక్షత్రానికి మన మాట చుక్క. 'చుక్క ప్రశ్న' అందామంటే మన వైపు చుక్కకు సాయంత్రం పూట వేరే అర్థం ఉంది గనుక పట్టుబట్టను.

ఇప్పుడు మీ తోకలు. 'పూర్వకం' అన్నది ముందు ఏది ఉందో చెప్పే మాట. ప్రేమపూర్వకంగా పెట్టారంటే ముందు ప్రేమ, తర్వాత వడ్డన. ఉద్దేశపూర్వకంగా తొక్కాడంటే ముందు ఉద్దేశం, తర్వాత తొక్కుడు. మరి లిఖితపూర్వకమంటే? ముందు రాత, ఆ తర్వాత ఇంకేదో ఉండాలి. చుక్క ఉన్న ప్రశ్నలో అదే జరుగుతుంది. జవాబు ముందే అచ్చయి సభ్యుల చేతికి వస్తుంది, 'ప్రకటన సభ ముందు ఉంచాను' అని మంత్రి అంటారు, ఆ తర్వాత నోటిమాటలు మొదలవుతాయి. ముందు రాత, వెనక మాట. సరిగ్గా చూస్తే లిఖితపూర్వకమన్న పేరు దానికి అమరుతుంది. చుక్కలేనిదానికి రాత తప్ప వెనకా ముందూ ఏమీ లేదు, దానికి ఒట్టి 'లిఖిత' చాలు. కానీ లోకం ఈ పేరును రెండోదానికే కట్టబెట్టి చాలా కాలమైంది. తప్పని కొట్టేయమంటే నా చేయి ఆడదు. నేనైతే రాయను, మీరు రాస్తే దిద్దను.

'రాతపూర్వక' వినడానికి బాగానే ఉంటుంది. తెలుగు తలకు సంస్కృతం మొండెం అతికించారని పాత పండితులు ముక్కు విరుస్తారు. అంత అతుకుబడి దేనికి? ఊళ్లో పంచాయితీ తెగినప్పుడు 'నోటిమాట వద్దు, కాయితం మీద రాసియ్యుమను' అనేవాళ్లు. 'రాసిచ్చిన జవాబు' అంటే పరకాలలోనూ తెలుస్తుంది, పార్లమెంటులోనూ తెలుస్తుంది.

ఉత్తరం: సంస్కృతంలో జవాబు, తెలుగులో చీటీ. మంత్రి రాసిచ్చేది రెండర్థాల్లోనూ ఉత్తరమే.

సవాలు: ఉర్దూలో ఇప్పటికీ ప్రశ్నే. వరంగల్ బజారులో 'సవాల్ జవాబ్' అంటే ఎవరూ తొడ కొట్టరు. తెలుగులోకి రాగానే దానికి కోపం వచ్చింది.

'ప్రశ్న ఉత్పన్నం కాదు': మంత్రుల జవాబుల్లో కనబడే మాట. ఎదురుగా అచ్చులో ఉన్న ప్రశ్నను పట్టుకుని పుట్టదంటే ఎట్లా? 'ఆ మాటే రాదు' అనవచ్చు.

మీరు అడగకపోయినా చెబుతాను, ఆ వార్తల్లో ఒకదాని చివర 'జవాబుదారీతనం' అని ఉంది. జవాబుదారు మనిషి, జవాబుదారీ ఆ గుణం. జమీందారు, జమీందారీ లాగే. గుణం మీద మళ్లీ 'తనం' ఎక్కించడం పప్పు మీద పప్పు పోయడమే. 'నేను జవాబుదారీని' అని మనుషులే చెప్పుకుంటున్న కాలంలో దీన్ని ఎంతవరకు అడ్డుకోగలనో చూడాలి.

మనుమరాలికి ఆ కందం నేర్పండి. నాలుగో పాదం దగ్గర నాలుక తడబడితే తడబడనివ్వండి. పోతన రాసిందే అందుకు.