కాటేజీ గేటు దగ్గరే వెనక్కి పంపారు.. కట్టిన డబ్బు వస్తుందా?

సందేహం: మాది హన్మకొండ. ఇద్దరికీ పాతికేళ్లు దాటాయి, నిశ్చితార్థం అయింది. ములుగు వైపు చెరువు పక్కనున్న ఒక ప్రైవేటు కాటేజీని యాప్‌లో రెండు రాత్రులకు బుక్ చేసి, యూపీఐలో 9,600 రూపాయలు కట్టాం. తీరా గేటు దగ్గర ఆధార్లు చూసి ‘లోకలోళ్లకు ఇయ్యం, పెండ్లి సర్టిఫికెట్ ఉందా?’ అన్నారు. గట్టిగా అడిగితే పోలీసులను పిలుస్తామన్నారు. డబ్బు నాన్ రిఫండబుల్ అట. ఏం చేయాలి?

జవాబు: ముందు పోలీసుల సంగతి. పెళ్లికాని ఇద్దరు మేజర్లు ఇష్టపూర్వకంగా ఒక గదిలో ఉండటం నేరమని ఏ చట్టమూ చెప్పదు. మద్రాసు హైకోర్టు 2019లో ఒక లాడ్జింగ్ కేసులో ఇదే మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి అది ఉత్త బెదిరింపే.

అలాగని గది ఇచ్చి తీరాలని యజమానిని బలవంతపెట్టడం కష్టం. హోటళ్లలో మతం, కులం, లింగం వంటి కారణాలతో వివక్ష కూడదని రాజ్యాంగం 15వ అధికరణం అంటుంది. పెళ్లయిందా లేదా అన్నది ఆ జాబితాలో లేదు. మీ బలమంతా డబ్బు దగ్గరే ఉంది. బుకింగ్ పేజీలో పెట్టని షరతును గేటు దగ్గర పెట్టి, గదీ ఇవ్వక డబ్బూ ఇవ్వకపోతే అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపం. ‘నాన్ రిఫండబుల్’ అన్నది మీరు మానుకుంటే వర్తించే మాట, వాళ్లే పొమ్మంటే కాదు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ‘మీరే యాప్‌లో క్యాన్సిల్ కొట్టండి, పైసలు వస్తయి’ అంటారు. కొట్టారో, రికార్డులో తప్పు మీదవుతుంది. కొట్టకుండా ఊరుకున్నా ‘నో షో’ (బుక్ చేసి రాలేదు) అని రాసేసుకుంటారు. అందుకే ఈరోజే వాట్సాప్‌లో పంపండి: ‘ఫలానా తేదీ, ఫలానా సమయానికి వచ్చాం, పెళ్లి సర్టిఫికెట్ లేదని గది నిరాకరించారు, డబ్బు వాపసు చేయండి.’ వాళ్లు ‘అది మా రూల్’ అని జవాబిచ్చినా చాలు, నిరాకరణ ఒప్పుకున్నట్టే. వాళ్లు మార్చకముందే బుకింగ్ పేజీని, షరతులతో సహా, స్క్రీన్‌షాట్ తీయండి. యూపీఐ లావాదేవీ నంబరు, ఆ దారిలో పోయించిన పెట్రోలు బిల్లు, ఆ రాత్రి వేరేచోట దిగితే ఆ రసీదు దాచండి.

యాప్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ (ఫిర్యాదులు చూసే అధికారి) ఫిర్యాదు పెట్టండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా కొన్ని వివాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే 15 రోజుల గడువుతో స్పీడ్‌పోస్టులో నోటీసు పంపి, కాటేజీ యజమానినీ యాప్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి కేసు వేయండి. ములుగు తిరగక్కర్లేదు, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్లోనూ కుదురుతుంది. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం), 2023 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ, జత చేయండి. అది లేదని అవతలివాళ్లు మెలిక పెడతారు.

మనోవేదనకు లక్షలు రాయకండి. 9,600, బిల్లులున్న ఖర్చులు, మితమైన పరిహారం, కేసు ఖర్చులు అడగండి.

ఇకపై యాప్‌ను నమ్మక కాటేజీకే మెసేజ్ పెట్టి ‘పెళ్లికాని జంట, హన్మకొండ ఆధార్, సరేనా?’ అని అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. గేటు దగ్గర చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.