గుహలో గబ్బిలం, మట్టిలో దుంప

ప్రశ్న: మా అబ్బాయికి డిగ్రీలో ప్రాజెక్టు ఇచ్చారు. హిమాలయాల్లో దొరికే సీవార్డియెల్లా అనే, నాచులాంటి చిన్న మొక్క అయిన లివర్‌వర్ట్‌నీ, కోలారు గబ్బిలాన్నీ పోల్చి రాయాలట. మొక్కకీ గబ్బిలానికీ పోలికేంటి సార్? రెండూ అరుదైనవే కదా, దేనికి ఎక్కువ ప్రమాదం?
– ఒక తల్లి, ఉదయగిరి

జవాబు: గబ్బిలానికేనమ్మా. ఎందుకో చెబుతాను.

కావలిలో ముప్పై ఏళ్లు బోటనీ చెప్పినవాణ్ణి, ముందు మొక్క సంగతే చూద్దాం. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు కాస్త తెరిపి ఇచ్చాక, వరిమడి గట్టు మీద గొంతుక్కూర్చుని చూడమనండి. రూపాయి బిళ్లంత పచ్చటి పువ్వులాగా నేలకి అతుక్కుని రిక్సియా కనిపిస్తుంది. ప్రతి రెమ్మా కొసన రెండుగా చీలి ఉంటుంది, మధ్యలో సన్నటి గాడి. వేళ్లుండవు, అడుగున నూగులాంటి పోగులే. అదీ లివర్‌వర్టే. సీవార్డియెల్లా దానికి దూరపు చుట్టం. 1915లో వృక్షశాస్త్రవేత్త శివరామ్ కశ్యప్ గారు లోకానికి చెప్పారు. వానలు పోగానే దాని కొస మట్టిలోకి దిగి చిన్న దుంపవుతుంది. పైన అంతా ఎండిపోయినా ఆ దుంప మళ్లీ వానకి చిగురిస్తుంది. ఆ మట్టిని ఎవరూ తవ్వి ఎత్తుకుపోకపోతే చాలు.

గబ్బిలానికి అలా ఆగే వీల్లేదు. కోలారు గబ్బిలానికి 1994లో పేరు పెట్టారు. కర్ణాటకలో హనుమనహళ్లి దగ్గర ఒకే ఒక్క గుహలో, రెండు వందల లోపే ఉన్నాయి. గబ్బిలాలు మామూలుగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. అక్కడ చుట్టూ గ్రానైట్ తవ్వకాలే పెద్ద ముప్పు. చీమకుర్తి క్వారీలు చూసినవాళ్లకి కొండ కరిగిపోవడమంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

ఓసారి వెలిగొండల్లో ఒక గుహ దగ్గర కుర్రాళ్లు పేపరు అంటించి లోపలికి పొగ పెట్టారు. మిట్టమధ్యాహ్నం గబ్బిలాలన్నీ ఎండలోకి వచ్చి పడ్డాయి. కాకులు వెంటపడి తరిమాయి. నేను కేకలేసేలోపే అంతా అయిపోయింది. అవి మామూలు గబ్బిలాలు కాబట్టి సరిపోయింది. ఆ గుహ హనుమనహళ్లిదైతే?

మీ అబ్బాయిని ఈ పోలికే రాయమనండి: ఒకటి ఎండాకాలం మట్టిలో దాక్కోగలదు, ఇంకోదానికి ఆ గుహ తప్ప చోటే లేదు. ఈ కార్తీకంలో మీ ఉదయగిరి దుర్గం ఎక్కితే తడిసిన రాళ్ల సందుల్లో లివర్‌వర్టుల కోసం లెన్సు పెట్టి వెతకమనండి. గుహ కనిపిస్తే మాత్రం లోపలికి టార్చి వేయొద్దని చెప్పండి.