మోతాదు పెంచే ముందు లద్దె పరీక్ష

ప్రశ్న: హెసరఘట్ట దగ్గర మా లాయంలో ఆరు గుర్రాలున్నాయి. మూడు నెలలకోసారి అన్నిటికీ ఐవర్‌మెక్టిన్ పేస్టు పెడుతున్నాం. అయినా రెండు చిక్కిపోతున్నాయి. నట్టలకు మందు పట్టడం మానేసిందా? మోతాదు పెంచమంటారా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: పెంచకండి. ఇప్పుడిస్తున్న మోతాదు అసలు సరిపోతోందా అన్నది ముందు చూడాలి. చాలా లాయాల్లో బరువును కంటితోనే అంచనా వేస్తారు, తప్పంతా అక్కడే మొదలవుతుంది. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చవేయండి. భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవుతో మళ్లీ హెచ్చవేసి 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 170, పొడవు 150 అయితే 365 కిలోలు. కిలోకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున 73 మిల్లీగ్రాముల ఐవర్‌మెక్టిన్ పడాలి. నోట్లో మేత ఉండగా పెడితే పేస్టు దాంతోపాటే బయటికొచ్చేస్తుంది.

మందు పనిచేస్తోందా అన్నది లద్దెలోని నట్టల గుడ్ల లెక్కతో తెలుస్తుంది. ఈసారి పేస్టు పెట్టే రోజు పొద్దున, పెట్టకముందే, అప్పుడే వేసిన లద్దెలో నేలకు తగలని ఉండలు రెండు మూడు చేతి తొడుగుతో తీయండి. తొడుగు తిరగేసి, గాలి పిండేసి ముడివేసి, గుర్రం పేరు రాసి ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. వేడికి వదిలేస్తే గుడ్లు పొదిగి లెక్కకు అందవు.

మైక్రోస్కోపు, మెక్‌మాస్టర్ పలక (గుడ్లు లెక్కించే గీతల పలక) ఉంటే లాయంలోనే లెక్కించుకోవచ్చు. వేడినీళ్లలో ఉప్పు ఇక కరగనంత కలిపి చల్లార్చండి. 4 గ్రాముల లద్దెను ఆ ఉప్పునీళ్లు 56 మిల్లీలీటర్లలో చిదిపి, టీ వడపోతలో వడగట్టి, పలకలోని రెండు గదులూ నింపి 5 నిమిషాలు ఆగండి. గీతల లోపలి గుడ్లను రెండు గదుల్లోనూ లెక్కించి, మొత్తాన్ని 50తో హెచ్చవేస్తే గ్రాముకు ఎన్నో తెలుస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ఉప్పు పలుకులు కడుతుంది, గుడ్లు ముడుచుకుపోతాయి.

14 రోజులకు అవే గుర్రాలకు మళ్లీ చేయండి. 600 ఉన్నది 150కి దిగితే తగ్గింది 75 శాతమే. ఐవర్‌మెక్టిన్ 95 శాతానికి పైగా తగ్గించాలి. ఒక్క గుర్రాన్ని చూసి తేల్చకండి, ఆరింటి సగటు చూడండి.

పెద్ద గుర్రాల్లో గుడ్లు ఎక్కువగా విసర్జించేవి కొన్నే. గ్రాముకు 200 కన్నా తక్కువున్న వాటికి ప్రతిసారీ మందు అక్కర్లేదు. అన్నిటికీ మందు పెడుతూ పోతే దానికి లొంగని నట్టలే మిగిలి పెరుగుతాయి. అందుకే ఈ అలవాటు మానమని గట్టిగా చెబుతున్నాం. గుర్రపు పిల్లలకు మాత్రం ఈ లెక్క వర్తించదు. పేగు గోడలో దాగిన లార్వాలు గుడ్లు పెట్టవు కాబట్టి, సున్నా వచ్చినా నట్టలు లేవని కాదు. తిరిగే చోట లద్దెను వారానికి రెండుసార్లు ఎత్తేయండి. చిక్కిన రెండింటికీ పళ్లు కూడా చూపించండి.

ప్రశ్న: మా గుర్రానికి జ్వరం వస్తూ పోతూ ఉంది. కాళ్లు, పొట్ట కింద వాపు. మేత తింటున్నా నీరసిస్తోంది.
– ఒక పాఠకుడు, యలహంక

జవాబు: సర్రా అనుమానించాలి, ఇది రక్తంలో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే రోగం. జ్వరం ఎక్కువగా ఉన్న పూటే రక్తం తీయించి, వెంటనే తడి చుక్కను మైక్రోస్కోపు కింద చూడాలి. పరాన్నజీవి రక్తంలో ఒకరోజు కనిపించి మరోరోజు కనిపించదు కాబట్టి, ఒకసారి లేదన్నారని వదిలేయకండి. ఆవులకు వాడే డైమినజీన్ గుర్రాలకు క్షేమం కాదు. క్వినాపైరమిన్‌ను పశువైద్యుడే బరువు చూసి వేయాలి. జోరీగ నోటికంటిన రక్తంతోనే రోగం పక్క గుర్రానికి పాకుతుంది. జబ్బు గుర్రాన్ని దూరంగా, దోమతెర కట్టిన గదిలో ఉంచండి, దీనికి వాడిన సూదిని మరో గుర్రానికి వాడకండి.