ఇంగ్లండ్‌లో పారిష్ అంటే మన పంచాయతీ లాంటిదేనా?

"పారిష్ అంటే చర్చి పరిధిలోని ఊరా, లేక పంచాయతీయా?" అని అడిగారు. రెండూ ఉన్నాయి. చర్చి పారిష్ చాలా పాతది. 1894 చట్టంతో పల్లెలకు పారిష్ కౌన్సిళ్లు వచ్చాయి, మన పంచాయతీలకు దగ్గరగా ఉండేవి ఇవే. కానీ ఇంత చెప్తే ఊరు కళ్లకు కట్టదు. నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో చూసిన లాక్స్టన్ అనే పల్లె గురించి చెప్తాను.

టక్స్‌ఫర్డ్ దగ్గర ఉంటుందీ ఊరు. ఇంగ్లండ్‌లో ఎటు చూసినా పొలం చుట్టూ పొదల కంచె ఉంటుంది కదా, ఇక్కడ ఊరి చుట్టూ ఉన్న మూడు పెద్ద పొలాల్లో లోపల కంచెలే కనిపించవు. ఒక్కో పొలంలో పొడుగాటి పట్టీలు, పక్కపక్క పట్టీలు వేర్వేరు రైతులు సాగు చేసేవి. ఒక పొలంలో శీతాకాలపు గోధుమ, ఒకదాంట్లో వసంతంలో వేసే పంట, మూడోది బీడు లేదా పశువుల మేత. ఏటా ఈ వరస మారుతుంది. ఒక్కరు తప్పినా పక్కవాడి పంట దెబ్బతింటుంది.

ఒకప్పుడు ఆ దేశంలో చాలా ఊళ్లలో సాగు ఇలాగే ఉండేది. ముఖ్యంగా 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో పట్టీలు కలిపి, కంచెలు వేసి పంచేసుకున్నారు. ఇక్కడ మాత్రం పెద్ద భూస్వాములకు పొలాల మార్పిడి కుదరక ఆగిపోయిందంటారు. వాళ్ల పేచీ వల్లే చరిత్ర మిగిలిందంటే నాకు నవ్వొస్తుంది. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటంలో రెండు వేలకు పైగా పట్టీలున్నాయి. తర్వాత వాటిని కలిపి పెద్దవి చేయడంతో ఇప్పుడు సంఖ్య బాగా తగ్గింది.

నాకు బాగా నచ్చింది ఊరి కోర్టు. ఇది పారిష్ కౌన్సిల్ కాదు, పాతకాలం నుంచి పొలాల తగవులు తీర్చే సభ. నవంబర్ చివర్లో రైతుల జ్యూరీ గోధుమ పొలమంతా నడిచి, హద్దులకు కర్రలు పాతి, ఎవరు దారిలోకి దున్నారో రాసుకుంటుంది. వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే పబ్‌లో కోర్టు కూర్చుని జరిమానాలు ఖాయం చేస్తుంది. 1977లో ఇలాంటి పాత కోర్టుల అధికారాలు తీసేసినప్పుడు కూడా దీన్ని మినహాయించారు. మా తాతగారి ఊళ్లో గట్టు జరిపారని జరిగే పంచాయితీలు గుర్తొచ్చాయి. అన్నట్టు, తప్పిపోయిన పశువుల్ని కట్టే బందెలదొడ్డి కూడా ఉందక్కడ!

ఈ పొలాల యాజమాన్యం మాత్రం చేతులు మారుతూనే ఉంది: 1952లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ, 1981లో రాజరికం ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్, 2020 నుంచి థోర్స్‌బీ అనే ప్రైవేటు ఎస్టేట్.

వెళ్తే ఊరికి ఉత్తరాన ఉన్న, 11వ శతాబ్దంలో ఇంగ్లండ్‌ను జయించిన నార్మన్ల కాలం నాటి కోట దిబ్బ ఎక్కండి. మంచి బూట్లు తప్పనిసరి. అది బంకమన్ను నేల, వాన పడ్డ మర్నాడు వెళ్లిన నా స్పోర్ట్స్ షూలలో ఒకటి పొలంలోనే ఇరుక్కుపోయింది, చేత్తో పీకాల్సి వచ్చింది.