మావయ్య గురించి రాయబోతే ‘మంచివారు’ దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఇప్పుడు పుణెలో ఉంటున్నాను. మా మేనమామ పోయి వచ్చే నెలకి ఏడాది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నాన్న పోయాక మమ్మల్ని ఆయనే చూసుకున్నారు. సంవత్సరీకానికి అందరం ఊళ్లో కలుస్తున్నాం, ఆ రోజు ఆయన జ్ఞాపకాలతో చిన్న పుస్తకం వేసి పంచుదామని నోరు జారాను, రాసే పని నా నెత్తినే పడింది. కూర్చుంటే ‘మా మావయ్య చాలా మంచివారు, పిల్లలంటే ప్రాణం’ అని రెండు ముక్కలొచ్చి ఆగిపోతోంది. ఇంకో టెన్షన్ ఏంటంటే ఆయనకి పేకాట పిచ్చి, దానివల్ల అత్తయ్య చాలా పడింది. అది రాయాలా, వద్దా?

జవాబు: ముందు ఆ రెండు ముక్కలూ కొట్టేయండమ్మా. అబద్ధమని కాదు. ఎవరి మావయ్య గురించి రాసినా అవే వస్తాయి, నాలుగు రోడ్ల కూడలిలో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీదా అవే ఉంటాయి. వాటిని చదివి మీ పిల్లలు ఆయన్ని గుర్తుపట్టలేరు.

కండక్టరు అన్నారు కదా, అక్కడ మొదలుపెట్టండి. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక సంచి ఎక్కడ తగిలించేవారు? చిల్లర లెక్క తేలకపోతే ఇంట్లో ఎవరి మీద విసుక్కునేవారు? ‘రైట్ రైట్’ అనే ఆ గొంతు ఇంట్లో కూడా బయటికొచ్చేదా? 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చేదాకా మీ వైపు నుంచి ఆ దారిన కాకినాడ పోవాలంటే గోదావరిని పంటు మీద దాటాల్సిందే కదా. ఎప్పుడో ఒకసారి ఆయన చెయ్యి పట్టుకుని ఆ రేవులో నిలబడే ఉంటారు. అప్పుడు ఏం కొనిపెట్టారు, పంటు కదులుతుంటే భయపడితే ఏమన్నారు? ఒక్క సంగతి గుర్తొచ్చినా రాసేయండి, వెనకాలే ఇంకోటి వస్తుంది.

ఇలా సలహా ఇస్తున్నాను గానీ నేనూ మా మామ గురించి రాయబోయి ఇలాగే ఇరుక్కున్నాను. (మా నల్గొండ వైపు మామ అనే అంటాం, మావయ్య అని నోరు తిరగదు.) పల్లెటూరి బడిలో పంతులు. ‘విజ్ఞాన దృష్టి గల మనిషి’ అని మొదలుపెట్టి, ఆ మాట చూసి నాకే నవ్వొచ్చి, 1980 ఫిబ్రవరి 16న జరిగింది జరిగినట్టు రాశాను. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం, దాని దారి మా జిల్లా మీదుగానే పోయింది. ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంది, మా అమ్మమ్మ నీళ్ల కుండల్లో దర్భలు వేసింది. మామ మమ్మల్ని నలుగురు పిల్లల్ని పెరటి గుమ్మంలోంచి చేనుకి తీసుకుపోయాడు. సూర్యుడి వైపు తలెత్తితే వీపు పగులుతుందని ముందే చెప్పాడు. పోస్టుకార్డుకి గుండుసూదితో బెజ్జం పెట్టి, దాని నీడని తెల్లకాగితం మీద పడేట్టు పట్టుకుంటే మధ్యలో కొరికిన అప్పచ్చిలా సూర్యుడు కనపడ్డాడు. తర్వాత చింతచెట్టు కిందకి పిలిచాడు, ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగంతా వందలకొద్దీ నెలవంకలే. మధ్యాహ్నం మూడున్నర దాటాక ఒక్కసారిగా చీకటి పడింది, కోళ్లు గూటి దారి పట్టాయి, చుక్కలు కనపడ్డాయి. రెండు నిమిషాలో ఏమో, అంతే. ఇంటికెళ్లాక అమ్మమ్మ తిట్లు మాత్రం రెండు రోజులు, ముందు స్నానం, తర్వాత తిట్లు.

ఇంతవరకే అయితే మా మామ ఓ ధైర్యవంతుడు, కథ అయిపోయింది. మొన్నామధ్య మా అత్తని అడిగితే ఆమె చెప్పింది, ఆ రాత్రి మామ నిద్రపోలేదట, గంటగంటకీ లేచి మా నలుగురి ముక్కుల దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూశాడట. నాకు నచ్చిన మామ ఈయనే, కానీ అత్తని అడక్కపోతే నాకు దొరికేవాడు కాదు.

అందుకే నా సలహా వేరు: సంవత్సరీకం రోజున పుస్తకం పంచకండి, ఆ రోజు పుస్తకానికి సరుకు పోగుచేయండి. భోజనాలయ్యాక అందరూ అరుగు మీద చేరతారు కదా, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి మధ్యలో పెట్టండి, చెప్పి మరీ పెట్టండి. ‘మావయ్య గురించి నాలుగు మాటలు చెప్పండి’ అంటే అందరూ బిగుసుకుపోతారు, ‘మిమ్మల్ని ఎప్పుడైనా తిట్టారా’ అని అడగండి. ఆయనతో పనిచేసిన డ్రైవరు ఎవరైనా ఉంటే భోజనానికి పిలవండి, మీ ఇంట్లో ఎవరూ చూడని మనిషిని ఆయన చూసి ఉంటారు. పుస్తకం రెండు నెలలు ఆలస్యమైతే ఏమీ మునిగిపోదు.

పేకాట సంగతి మీరూ నేనూ తేల్చేది కాదు. పడింది అత్తయ్య, ఆవిడనే అడగండి, అదీ పదిమందిలో కాదు. సరేనంటే ఆవిడ చెప్పినట్టే రాయండి, వద్దంటే వదిలేయండి. వదిలేసినా ‘డబ్బు దగ్గర ఎంతో జాగ్రత్తపరులు’ లాంటి వాక్యం మాత్రం పొరపాటున కూడా పడనివ్వకండి, ఆ పుస్తకం ఆవిడా చదువుతుంది.

ప్రశ్న: మా బాబాయ్ పద్యాలు పాడిన క్యాసెట్ ఒకటి పాతిక ముప్పై ఏళ్ల నాటిది బీరువాలో దొరికింది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఫోన్‌లోకి ఎలా ఎక్కించాలి?

జవాబు: ఆత్రపడి ఏదో ఒక పాత టేప్ రికార్డర్‌లో పెట్టేయకండి, ముందు కిటికీ లాంటి ఆ సందులోంచి టేపుని చూడండి. తెల్లగా బూజు కనపడితే తిప్పకుండా, ఈ పని తెలిసినవాళ్లకి ఇవ్వండి. బాగుంటే పనికిరాని క్యాసెట్ ఒకటి పెట్టి ఆ ప్లేయర్ టేపుని నమిలేస్తోందేమో చూసుకుని, తర్వాత బాబాయ్‌ది పెట్టి చివరిదాకా ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పండి. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ ఆడియో ఇన్‌పుట్‌కి వైరు కలిపి, ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయొచ్చు. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేస్తే ఫ్యాను చప్పుడూ కుక్కర్ విజిలూ బాబాయ్‌తో కలిసి పాడతాయి. ఎంపీత్రీ తర్వాత చేసుకోవచ్చు, మొదట వేవ్ (WAV, గొంతు నాణ్యత తగ్గకుండా దాచే రకం) ఫైలుగా దాచి రెండు చోట్ల కాపీ పెట్టండి. క్యాసెట్‌ని పారేయకండి. పద్యం మధ్యలో దగ్గినా, ‘అమ్మాయ్, మంచినీళ్లు’ అన్నా కత్తిరించకండి.

ప్రశ్న: మా పాపకి చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్లోనే కూర్చోబెట్టాలని మా అత్తగారు. మా తమ్ముడేమో డల్లాస్‌లో, ఈ ఏడాది రాలేడు. ఏం చేయాలి?

జవాబు: మీ పిన్ని కొడుకో పెదనాన్న కొడుకో ఉంటాడుగా, పాపకి అతనూ మేనమామే, వరుస ఎక్కడికీ పోదు. పుట్టువెంట్రుకలు ఇంకా తీయించకపోతే, మీ ఇంటి ఆనవాయితీ ఒప్పుకుంటే, అది మీ తమ్ముడు వచ్చేదాకా ఆపండి. కుట్టించే రోజున అతనికి వీడియో కాల్ చేయండి, అక్కడ అర్ధరాత్రి అయినా సరే. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే కంగారులో కాల్ కట్ చేసేస్తారు, చేయకండి, అది కూడా చూడనివ్వండి.