మెడ నొప్పి చేతిలోకి లాగుతోంది.. మాన్యువల్ థెరపీ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 42. రోజంతా కంప్యూటర్ పని. నెల రోజులుగా మెడ నొప్పి, కుడి చెయ్యి బొటనవేలు, చూపుడు వేలి దాకా జివ్వుమని లాగుతోంది, తిమ్మిర్లు కూడా. ఎంఆర్ఐలో సీ5-సీ6 (మెడలో ఐదు, ఆరో పూసల మధ్య) దగ్గర డిస్క్ బల్జ్, అంటే డిస్క్ ఉబ్బింది అని వచ్చింది. ఫిజియోథెరపిస్ట్ మాన్యువల్ థెరపీ (చేతులతో చేసే చికిత్స) చేద్దామంటున్నారు. మెడ ముట్టుకోనిస్తే పక్షవాతం వస్తుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చేయించుకోవచ్చు, కానీ ఏ రకం అన్నది ముందు అడగండి. మీరు చెప్పిన వేళ్లు సీ5-సీ6 మధ్య నుంచి బయటికొచ్చే సీ6 నరానివి, రిపోర్టు చూపించిందీ ఆ చోటే, కాబట్టి రెండూ కలిశాయి. ఇలా కలవకపోతే బల్జ్ అన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను, ఏ బాధా లేనివాళ్లకు ఎంఆర్ఐ తీసినా మీ వయసులో చాలామందికి అది కనిపిస్తుంది. నరం చుట్టూ వాపు తగ్గేకొద్దీ ఎక్కువమందికి కొన్ని వారాల నుంచి నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది.

ఇక మీవాళ్ల భయం. అందులో కొంత నిజం ఉంది. మెడను ఒక్కసారిగా టక్కుమని తిప్పితే, చాలా అరుదుగానే అయినా, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని గోడ చిరిగి స్ట్రోక్ రావచ్చు. చేతిలోకి లాగుతున్నప్పుడు అలాంటిది నేనైతే వద్దనే అంటాను. కీళ్లను మెల్లగా పక్కకు కదపడం, చేత్తో తేలిగ్గా సాగదీయడం, నరం సాఫీగా జారేలా చేతిని కదిలించడం.. ఇవి వేరు, వీటితో కొంత ఉపశమనం ఉంటుంది, వ్యాయామాలూ చేస్తేనే అది నిలుస్తుంది. జరిగిన డిస్క్‌ను చేత్తో లోపలికి నెట్టేస్తామనేవాళ్లను మాత్రం నమ్మకండి!

మొదలుపెట్టే ముందు చేతి బలం, రిఫ్లెక్సులు (చిన్న సుత్తితో తట్టి చూసే స్పందనలు) చూడాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఎముకలు గుల్లబారినా ముందే చెప్పండి. నొప్పి వేళ్లలోంచి వెనక్కి, భుజం వైపు తగ్గుతూ వస్తుంటే మెడ కాస్త ఎక్కువ నొప్పిగా ఉన్నా అది మంచిదే. కిందికి పాకుతుంటే ఆపేయమనండి.

చేతిలో పట్టు తగ్గుతూ పోతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నా, నడక తూలుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా థెరపీ సంగతి పక్కన పెట్టి వెంటనే న్యూరో లేదా స్పైన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఈలోపు లాగుడు ఎక్కువైతే ఆ అరచేతిని నడినెత్తిన పెట్టుకుని కాసేపు కూర్చుని చూడండి. నరం మీద లాగుడు తగ్గి చాలామందికి హాయిగా ఉంటుంది.