విమానం అడ్డంగా ఒరిగించాడు, ఎవరికీ పారాచూట్ లేదు, మా మేనల్లుడి లైసెన్స్ పోతుందా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మాది అనంతపురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అక్క కొడుకు పైలట్ ట్రైనింగ్‌కి అరిజోనా వెళ్లాడు. మొన్న ఇన్‌స్టాలో ఒక వీడియో పెట్టాడు. సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం, పక్క సీట్లో ఒక ఫ్రెండు, వెనక సీట్లో ఇంకొకడు ఫోన్‌తో షూట్ చేస్తున్నాడు, విమానం పూర్తిగా పక్కకి ఒరిగిపోయింది, తర్వాత ముక్కు కిందికి పెట్టి దూకించాడు. పారాచూట్ లేకుండా ఇలా చేయడం ఇల్లీగల్ అని ఎవరో అన్నారంట, అక్క భయపడుతోంది. వాడేమో సిరస్ విమానాల్లో విమానానికే పారాచూట్ ఉంటుంది, ఈసారి అందులో చేస్తా అంటున్నాడు. ఇక్కడికొచ్చి లైసెన్స్ మార్చుకునేటప్పుడు ఇబ్బంది అవుతుందా? ఇక్కడ బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో ఇలాంటివి చేయొచ్చా?

జవాబు: సార్, వీడియో చూసిన మర్నాడే ఎవరూ వచ్చి లైసెన్స్ లాక్కోరు, అక్కగారికి ముందు ఆ మాట చెప్పండి. అలాగని మీ వాడు అనుకుంటున్నంత తేలిక వ్యవహారమూ కాదు.

అమెరికాలో దీనికి ఎఫ్ఏఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) రూలు 91.307 ఉంది. పైలట్ కావాలని విమానాన్ని 60 డిగ్రీలు దాటి పక్కకి ఒరిగించినా, ముక్కుని 30 డిగ్రీలు దాటి పైకో కిందికో పెట్టినా, లోపల సిబ్బంది కాని మనిషి ఒక్కడున్నా సరే, అందరూ అప్రూవ్డ్ పారాచూట్ వేసుకుని ఉండాలి, పైలట్‌తో సహా. ఒంటరిగా ఎగిరితే ఈ రూలు పట్టదు. సరిగ్గా 60 దగ్గర ఆగితే తప్పు లేదు, దాటితేనే. అనుకోకుండా స్టాల్ అయ్యి (రెక్కలు విమానాన్ని మోయలేక) ముక్కు పడిపోయి ఉంటే అదీ దీని కిందికి రాదు, కానీ పక్కన ఫ్రెండు కేకలు వేస్తూ నవ్వుతున్న వీడియో పెట్టుకుని అనుకోకుండా అయిందని చెప్తే ఎవరు నమ్ముతారు చెప్పండి.

ఇక్కడ చాలామంది కుర్రాళ్లు ఒక వాదన తెస్తారు, ట్రైనింగ్‌లో స్పిన్‌లు (విమానం గిర్రున తిరుగుతూ కిందికి దిగడం) పారాచూట్ లేకుండానే చేస్తాం కదా అని. నిజమే, చేస్తారు. సర్టిఫికెట్‌కి కావాల్సిన స్పిన్‌లు, ఇతర విన్యాసాలు సర్టిఫైడ్ ఇన్‌స్ట్రక్టర్ నేర్పిస్తున్నప్పుడు ఆ రూలులోనే మినహాయింపు ఉంది, స్పిన్ విషయంలో అయితే స్టూడెంట్ ఏ లైసెన్స్ కోసం చదువుతున్నా వర్తిస్తుందని ఎఫ్ఏఏ తన సర్క్యులర్‌లో చెప్పింది కూడా. కానీ అది పాఠం జరుగుతున్నప్పుడు మాట. మీ వాడి పక్కన కూర్చున్నది ఇన్‌స్ట్రక్టర్ కాదు, ఫ్రెండు. ఆ ఫ్రెండుకి కూడా పైలట్ లైసెన్స్ ఉందనుకుందాం, అయినా ఆ ఫ్లైట్‌లో అతనికి ఏదో ఒక డ్యూటీ అప్పగించి ఉంటేనే సిబ్బంది అవుతాడు, లేకపోతే ప్యాసింజరే. పోనీ సిలబస్ కోసం ప్రాక్టీస్ చేశాడు అందామా అంటే, స్టీప్ టర్న్ (బాగా ఒరిగి తిరిగే మలుపు) ప్రైవేట్ పైలట్ టెస్టులో 45 డిగ్రీలు, కమర్షియల్‌లో కనీసం 50, ఏదీ 60 దాటి అడగదు.

నాకు పారాచూట్ కంటే ఎక్కువ ఇబ్బందిగా కనిపించింది వెనక సీటు. సెస్నా 172ని నార్మల్ కేటగిరీలో (మామూలు ప్రయాణాల పరిమితుల్లో) నడిపితే ఒరుగు 60 డిగ్రీలకి మించకూడదు. స్పిన్ లాంటివి చేయాలంటే యుటిలిటీ కేటగిరీకి (అలాంటి విన్యాసాలకి అనుమతి ఉన్న కేటగిరీ) పెట్టిన తక్కువ బరువులో ఉండాలి, అప్పుడు వెనక సీటు, బ్యాగేజీ చోటు ఖాళీగా ఉండాలని ఆ విమానం మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఆ పరిమితులు దాటడం 91.9 కింద వేరే తప్పు. అంటే ముగ్గురికీ పారాచూట్లు తొడిగినా ఈ కేసు నిలబడుతుంది, ఎందుకంటే వెనక మనిషి ఉన్నాడని సాక్ష్యం చెప్పేది వాడు తీసిన వీడియోనే. దీనిపైన ఏరోబాటిక్స్ (గాల్లో విన్యాసాలు) రూలు 91.303 ఉంది, జనం ఎక్కువున్న ఊళ్ల మీద, 1,500 అడుగుల కంటే కింద, విజిబిలిటీ 3 మైళ్ల కంటే తక్కువ ఉన్నప్పుడు చేయకూడదు, పారాచూట్ ఉన్నా సరే. నిర్లక్ష్యంగా నడపడం మీద 91.13 ఎలాగూ ఉంటుంది.

సిరస్ సంగతికొస్తే, దానికి విమానం మొత్తాన్ని దించే పారాచూట్ ఉన్నమాట నిజం. రూలు అడిగేది మనిషి ఒంటి మీద ఉండే పారాచూట్‌ని. కారులో ఎయిర్‌బ్యాగ్ ఉంది కాబట్టి బెల్టు పెట్టుకోను అన్నట్టుంది వాడి లాజిక్. ఇంకోటి, ఎవరి దగ్గరో పాత పారాచూట్ అప్పు తెచ్చి వేసుకున్నా సరిపోదు, నైలాన్ లాంటి సింథటిక్ బట్టది అయితే సర్టిఫైడ్ రిగ్గర్ (పారాచూట్లు ప్యాక్ చేసే నిపుణుడు) గత 180 రోజుల్లో ప్యాక్ చేసి ఉండాలి, సిల్కుది అయితే 60 రోజులే.

వీడియో డిలీట్ చేసేయమంటారా అని మీరు అడగలేదు గానీ తర్వాత అడుగుతారు, అందుకే చెప్తున్నా. పబ్లిక్‌లోంచి తీసేయనివ్వండి, ఒరిజినల్ ఫైలు మాత్రం ఉంచమనండి, ముఖ్యంగా ఎఫ్ఏఏ నుంచి ఉత్తరం వచ్చాక ఏదీ చెరపకూడదు. ట్రెవర్ జేకబ్ అనే యూట్యూబర్ 2021 నవంబర్‌లో కాలిఫోర్నియాలో కావాలని విమానం వదిలేసి పారాచూట్‌తో దూకాడు. 2022లో లైసెన్స్ రద్దు చేశారు, అక్కడితో పోయేది, కానీ కూలిన విమానం ముక్కల్ని మాయం చేసి దర్యాప్తుకి అడ్డుపడ్డాడని 2023 డిసెంబర్‌లో 6 నెలల జైలు వేశారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే అదే. నాసా నడిపే విమాన భద్రతా రిపోర్టింగ్ పథకానికి 10 రోజుల్లో రిపోర్టు పంపితే శిక్ష తప్పుతుందని హాస్టల్‌లో ఎవరైనా చెప్పి ఉంటారు, ఆ వెసులుబాటు కావాలని చేసిన తప్పులకి లేదు.

డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) దగ్గర ఫారిన్ లైసెన్స్ మార్చుకునేటప్పుడు ఇచ్చిన దేశం నుంచి వెరిఫికేషన్ తెప్పించుకుంటారు. అక్కడ సస్పెన్షన్ పడి ఉంటే దాచడం కుదరదు, దాచిపెట్టి తప్పు డిక్లరేషన్ ఇస్తే అది అసలు తప్పు కంటే పెద్దదవుతుంది. ఏ చర్యా లేకపోతే ఒక వీడియో వల్ల కన్వర్షన్ ఆగదనే నా అభిప్రాయం.

జక్కూరులో అయితే ఆ ఆలోచనే వద్దనండి. పక్కనే యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, అటు కెంపేగౌడ ఎయిర్‌పోర్ట్ ట్రాఫిక్. అధికారులు పెట్టిన షరతులు, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) క్లియరెన్స్ లేకుండా ఏరోబాటిక్స్ చేయకూడదు. 1934 నాటి విమానాల చట్టం బదులు 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం అమల్లో ఉంది, కావాలని ప్రమాదకరంగా నడిపితే రెండేళ్ల దాకా జైలు, లేదా కోటి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

చివరగా వాడిని ఒక్కటి అడిగి నాకు రాయండి, ఆ రోజుకి ప్రైవేట్ పైలట్ లైసెన్స్ చేతికొచ్చిందా లేదా. ఇంకా స్టూడెంట్ పైలటే అయితే ప్యాసింజర్‌ని ఎక్కించుకోవడమే నిషేధం, అప్పుడు ఈ డిగ్రీల గొడవ పక్కనపెట్టి అక్కడి ఏవియేషన్ లాయర్‌ని ఈ వారమే పెట్టుకోవాలి.